పాఠకుల ప్రశ్నలు: నోమ్ బంగారం, కోర్టు రిసీవరు, మూకీ సినిమా వేగం

గత సంచికలో 1914 నాటి 'ది స్పాయిలర్స్' మూకీ చిత్రం గురించి వేసిన వ్యాసానికి విశాఖ నుంచీ చుట్టుపక్కల ఊళ్ళ నుంచీ చాలా ఉత్తరాలు వచ్చాయి. వ్యాసం చదవనివారి కోసం కథ క్లుప్తంగా: అలాస్కాలో నోమ్ అనే గనుల ఊరు. రాయ్ గ్లెనిస్టర్, అతని ముసలి భాగస్వామి డెక్‌స్ట్రీ కలిసి మైడాస్ అనే బంగారు గని నడుపుతుంటారు. మెక్‌నమారా అనే రాజకీయ ఘనాపాటి జడ్జి స్టిల్‌మన్ అండతో ఆ గనిని కోర్టు ఉత్తర్వు చూపించి లాక్కుంటాడు. జడ్జి మేనకోడలు హెలెన్, జూదశాలలో పేరు మోసిన చెర్రీ మాలొట్ ఈ తగాదా మధ్య నలుగుతారు. సెలిగ్ పాలీస్కోప్ సంస్థ నిర్మించిన ఈ చిత్రానికి కాలిన్ క్యాంబెల్ దర్శకుడు. విలియం ఫార్నమ్ గ్లెనిస్టర్‌గా, టామ్ శాంచీ మెక్‌నమారాగా, క్యాథ్లిన్ విలియమ్స్ చెర్రీగా నటించారు. తొమ్మిది రీళ్ళ చిత్రం. న్యూయార్క్‌లో స్ట్రాండ్ థియేటర్ 1914 ఏప్రిల్ 11న ఈ సినిమాతోనే తెరుచుకుంది.

ప్రశ్న: గని గ్లెనిస్టర్‌దే అయినప్పుడు ఎవరో కాగితం చూపిస్తే ఎలా వదిలేశాడు? పైకోర్టుకు వెళ్ళి స్టే తెచ్చుకోవచ్చు కదా? అక్కడ కథ నమ్మబుద్ధి కాలేదు. (సీతమ్మధార)

జవాబు: నమ్మండి. సినిమాలో కల్పన అనిపించే ఆ ముక్కే నిజంగా జరిగింది.

1898 సెప్టెంబరులో లిండెబర్గ్, లిండ్‌బ్లమ్, బ్రింటెసన్ అనే ముగ్గురు స్కాండినేవియా దేశస్థులు నోమ్ దగ్గర ఆన్విల్ క్రీక్ అనే వాగులో బంగారం కనుక్కొని హద్దులు పాతారు. మరుసటి ఏడు సముద్రపు ఇసుకలోనే బంగారం దొరికింది. దాంతో జనం ఎగబడ్డారు. 1900 జనాభా లెక్కల్లో నోమ్‌లో 12,488 మంది తేలారు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఒకరు పాతుకోగల ఇసుక గని 20 ఎకరాలు, అంటే 1,320 అడుగుల పొడవు, 660 అడుగుల వెడల్పు. నాలుగు మూలలా కొయ్యలు పాతి, కాగితం రాసి నమోదు చేయించాలి. ఆలస్యంగా వచ్చినవాళ్ళు ఆ హద్దుల మీదే మళ్ళీ కొయ్యలు పాతి, "ముందు పాతినవాళ్ళు అమెరికా పౌరులు కారు, వాళ్ళ హక్కు చెల్లదు" అని దావాలు వేశారు.

1900 జులైలో ఆర్థర్ నాయిస్ అనే జడ్జి నోమ్‌లో దిగాడు. ఆయనతోపాటు నార్త్ డకోటా రాజకీయాల్లో చక్రం తిప్పిన అలెగ్జాండర్ మెకెంజీ వచ్చాడు. కొద్ది రోజుల్లోనే వివాదంలో ఉన్న ముఖ్యమైన గనులకు మెకెంజీని రిసీవర్‌గా వేస్తూ జడ్జి ఉత్తర్వులిచ్చాడు. స్టిల్‌మన్, మెక్‌నమారా పాత్రలకు మూలం వీళ్ళే. మూల నవల రాసిన రెక్స్ బీచ్ ఆ రోజుల్లో నోమ్‌లో ఉన్నవాడు. నవల 1906లో వచ్చింది.

రిసీవర్ అంటే మన పాఠకులకు కొత్త మాట కాదు. పొలం తగాదాలో కోర్టు రిసీవర్‌ను వేస్తే ఆయన పంట అమ్మి డబ్బు కోర్టులో జమ చేస్తాడు. తీర్పు ఎటు వచ్చినా పొలం అలాగే ఉంటుంది, మళ్ళీ ఏడాదికి పంట వస్తుంది. గనిలో తవ్వి తీసిన బంగారం మళ్ళీ పండదు. నోమ్‌లో రిసీవర్‌ను గని కాపాడమని కాదు, తవ్వమని వేశారు. కుట్ర అంతా ఆ ఒక్క మాటలో ఉంది. కేసు తేలేలోపు గనిని గుల్ల చేసేస్తే చివరికి గెలిచినవాడికి మిగిలేది గొయ్యే. అందుకే గ్లెనిస్టర్ కంగారు సొంత ఆస్తి పోయిన కంగారు మాత్రమే కాదు, రోజుకింత తరిగిపోతున్న ఆస్తి చూసి పడే కంగారు. ఫార్నమ్ నటనలో అది గమనిస్తే మొదటి సగం బరువు తెలుస్తుంది.

పైకోర్టు సంగతి. అది శాన్ ఫ్రాన్సిస్కోలో ఉంది. నోమ్‌కు రైలు లేదు, రోడ్డు లేదు, రేవూ లేదు. 1933లో మన రేవు తెరవకముందు విశాఖలో ఓడలు దూరంగా లంగరు వేసుకుంటే పడవల మీద మనుషుల్నీ సరుకునీ ఎలా దింపేవారో, నోమ్‌లోనూ అంతే. పైగా శీతాకాలం వస్తే బేరింగ్ సముద్రం గడ్డకట్టి మళ్ళీ వేసవి మొదలయ్యే దాకా ఓడ రాదు. కాబట్టి అప్పీలు కాగితం ఓడలో వెళ్ళి, ఉత్తర్వు ఓడలో తిరిగి రావడానికి ఉన్నది ఒక్క సీజనే. నిజ జీవితంలో లాయర్లు ఆ పని చేయగలిగారు. పైకోర్టు ఉత్తర్వు వచ్చింది, మెకెంజీ బంగారం అప్పగించనన్నాడు. ఆ అక్టోబరులో మార్షల్ (కోర్టు ఉత్తర్వులు అమలుచేసే అధికారి) మనుషులు వచ్చి అతణ్ణి అరెస్టు చేసి తీసుకుపోయారు. 1901లో కోర్టు ధిక్కారం కింద ఏడాది జైలు పడింది. కొన్ని నెలలకే అధ్యక్షుడు మెకిన్లీ క్షమాభిక్ష పెట్టాడు. జడ్జికి వెయ్యి డాలర్ల జరిమానాతో సరిపోయింది.

సినిమాలో ఈ లెక్క చేతులతో తేలుతుంది. ఫార్నమ్, శాంచీల కుస్తీ ఆ రోజుల్లో అంత పేరు తెచ్చుకోవడానికి కారణం దెబ్బలు మాత్రమే కాదు. మెకెంజీకి నిజంగా పడాల్సిన శిక్ష పడలేదని అప్పటి ప్రేక్షకుల్లో కొందరికైనా తెలిసే ఉంటుంది.

ప్రశ్న: ఇంటర్నెట్‌లో దొరికిన కాపీలో మనుషులు పరుగెత్తుతున్నట్టు నడుస్తున్నారు. సినిమాయే అలా తీశారా? (గాజువాక)

జవాబు: తీయలేదు, మనం అలా చూస్తున్నాం. ఆ రోజుల్లో కెమెరాను చేత్తో తిప్పేవారు. పిడి ఒక చుట్టుకు 8 ఫ్రేములు (ఫిల్ము మీది ఒక్కో బొమ్మ ఒక ఫ్రేము), సెకనుకు రెండు చుట్లు, అంటే సెకనుకు 16 ఫ్రేములు లెక్క. చేతి వాటం కాబట్టి 16కీ 20కీ మధ్య ఊగుతుంది. మాట్లాడే సినిమా వచ్చాక 24 స్థిరపడింది. 16తో తీసినదాన్ని 24తో నడిపితే ఒకటిన్నర రెట్లు వేగం.

సరిచేసే ముందు ఒకటి చూసుకోండి. కొన్ని కాపీల్లో ఈ సవరణ ముందే చేసి ఉంటారు. కంప్యూటర్‌లో వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో సినిమా ఆపి, 'ఇ' మీట నొక్కుతూ ఒక్కొక్క ఫ్రేమూ ముందుకు జరపండి. ప్రతి మూడు ఫ్రేముల్లో రెండు అచ్చంగా ఒకేలా ఉంటే అది 16 నుంచి 24కి సాగదీసిన కాపీ. దాన్ని మళ్ళీ నెమ్మది చేస్తే మనుషులు నీళ్ళలో నడుస్తున్నట్టుంటారు. ప్రతి ఫ్రేమూ వేరుగా ఉంటే మాత్రం వేగం తగ్గించండి. 16 కావాలంటే 0.67, 18 అయితే 0.75, 20 అయితే 0.83. ఎడమ చదరపు బ్రాకెట్ మీట ఒక్కసారి నొక్కితే 0.1 తగ్గుతుంది. యూట్యూబ్‌లో అయితే 0.75 చాలు.

సరైన వేగం తేల్చుకోవడానికి నటుల్ని చూడకండి, వాళ్ళు కావాలని హడావుడి పడవచ్చు. నటించడం రానివాటిని చూడండి: పొయ్యి మీద పొగ, తొట్టిలోంచి పడే నీళ్ళు, నేల మీదికి విసిరిన టోపీ, నడకలో ఉన్న గుర్రం. పొగ మామూలుగా లేస్తే వేగం కుదిరినట్టే. కుస్తీ దగ్గర మాత్రం కొంచెం ఎక్కువ వేగమే అందం. పోట్లాటలు నెమ్మదిగా తిప్పి తీసి, తెర మీద చురుగ్గా కనిపించేలా చేయడం అప్పటి అలవాటు. సినిమా మొత్తానికి 16 పట్టుకుంటే ఆ కుస్తీ చప్పబడుతుంది. మా సలహా 18.

ఇంకో లెక్క. 35 ఎం.ఎం. ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు, నిండు రీలు వెయ్యి అడుగులు. తొమ్మిది నిండు రీళ్ళు 24తో నడిస్తే 1 గంట 40 నిమిషాలు, 18తో 2 గంటల 13 నిమిషాలు, 16తో రెండున్నర గంటలు. మీ కాపీ నిడివి దీనితో పోల్చి చూడండి. వేగం తగ్గిస్తే వెనక అతికించిన సంగీతం ఈడ్చినట్టవుతుంది. ఆ ధ్వని తీసేసి, వేరే వాద్య సంగీతం పెట్టుకోండి.

ప్రశ్న: నిజంగా అలాస్కాలోనే తీశారా? (అనకాపల్లి)

జవాబు: లేదు, కాలిఫోర్నియాలో. నోమ్ చుట్టూ చెట్లు పెరగవు. అక్కడ ఇళ్ళకు కలప కూడా ఓడల్లో వచ్చింది. ఏ నోమ్ సినిమాలోనైనా ఊరి వెనక పచ్చని చెట్ల వరస కనిపిస్తే అది వేరే చోటని అర్థం.

ప్రశ్న: గనుల సినిమాల్లో పళ్ళెంలో ఇసుక తిప్పడం, పొడవాటి చెక్క తొట్టిలో నీళ్ళు వదలడం చూపిస్తారు. అందులో బంగారం ఎలా నిలుస్తుంది? మన భీమిలి నల్ల ఇసుకలో కూడా ఉంటుందా? (భీమునిపట్నం)

జవాబు: బియ్యం గాలించడం వచ్చినవాళ్ళకు ఇది సగం వచ్చినట్టే. నీళ్ళలో గిన్నె తిప్పుతూ బియ్యం వంచేస్తే రాళ్ళు అడుగున నిలుస్తాయి కదా. ఇక్కడ వంచేసేది ఇసుక, నిలిచేది బంగారం. మామూలు ఇసుక నీటికంటే సుమారు 2.6 రెట్లు బరువు, బంగారం 19 రెట్లకు పైన.

పళ్ళెం పని ఇలా సాగుతుంది. అంచులు ఏటవాలుగా ఉన్న ఇనప పళ్ళెంలో మూడొంతులు మట్టి వేసి నీళ్ళలో ముంచాలి. ముందు మట్టిబెడ్డలు చేత్తో నలిపి, రాళ్ళు కడిగి పారేయాలి. చాలామంది తొందరపడి ఇక్కడే తప్పు చేస్తారు, బంకమట్టి కరగకపోతే బంగారం దానికి అంటుకుని బయటికి పోతుంది. తర్వాత పళ్ళాన్ని నీటి కిందే అటూ ఇటూ గట్టిగా కదపాలి. బరువైనది అడుగుకు దిగడానికి ఈ కుదుపే కావాలి. అప్పుడు పళ్ళెం ముందుకు వంచి పై పొరను మాత్రం నీళ్ళతో జార్చాలి. మళ్ళీ కుదుపు, మళ్ళీ జార్పు. చివరికి ఒక చెంచాడు నల్ల ఇసుక మిగులుతుంది. అందులో కొద్దిగా నీళ్ళు పోసి పళ్ళెం మెల్లగా తిప్పితే నల్ల ఇసుక ముందు జరుగుతుంది, పసుపు రజను వెనకబడుతుంది. సినిమాల్లో నటులు పళ్ళాన్ని గుండ్రంగా తిప్పి మొత్తం ఒక్కసారి ఒంపేస్తారు. అలా చేస్తే రజను కూడా పోతుంది.

పళ్ళెం పరీక్షకే. సంపాదనకు తొట్టి కావాలి. 12 అడుగుల చెక్క పెట్టెలు ఒకదానికొకటి తగిలించి, అడుగున అడ్డపట్టీలు కొట్టి, పై నుంచి నీళ్ళు వదులుతూ మట్టి పారబోస్తారు. ఒక్కో పెట్టెకు 6 నుంచి 12 అంగుళాల వాలు. వాలు ఎక్కువైతే సన్న రజను నీటితో కొట్టుకుపోతుంది. తక్కువైతే పట్టీల మధ్య ఇసుక గట్టిపడి, పైన వచ్చే బంగారం దాని మీదుగా జారిపోతుంది. సన్న రజను పట్టడానికి పట్టీల వెనక పాదరసం పోసేవారు. పాదరసం బంగారాన్ని తనలో కలుపుకుంటుంది, తర్వాత కాల్చి వేరు చేస్తారు. ఆ పొగ విషం. ఎంతోమంది ఆరోగ్యం దానికే బలైంది. కొన్నాళ్ళకోసారి నీళ్ళు ఆపి పట్టీలు ఊడదీసి అడుగున ఉన్నది గీకి తీయడాన్ని క్లీనప్ అంటారు. మెక్‌నమారాకు కావలసింది గని కాదు, ఆ సీజన్ క్లీనప్‌లు. ఇది తెలిస్తే తొట్టి చుట్టూ తుపాకీ పట్టుకున్న మనుషులు ఎందుకుంటారో అడగనక్కరలేదు.

నోమ్ వాగుల్లో నేల ఏడాదంతా గడ్డకట్టి ఉంటుంది. కట్టెల మంటలతో, తర్వాత్తర్వాత ఆవిరి గొట్టాలతో కరిగించి తవ్వేవారు. సముద్రపు ఒడ్డున ఆ బాధ లేదు, పార, తొట్టె ఉంటే చాలు. చేతిలో డబ్బులేని వేలాదిమంది ఒడ్డుకు పరుగెత్తిందందుకే.

ఇక భీమిలి. వానాకాలంలో కెరటాలు తేలిక ఇసుకను లాక్కుపోయాక ఒడ్డున నల్లని, ఎర్రని చారలు మిగులుతాయి. ఎర్ర చారలోంచి ఒక చిటికెడు అరచేతిలో పోసుకుని ఎండకు పెట్టండి: దానిమ్మ గింజ రంగులో మెరిసేవి గార్నెట్, నల్లగా లోహంలా ఉన్నవి ఇల్మెనైట్. మామూలు ఇసుకకంటే చేతికి బరువు తగులుతాయి. నోమ్ ఒడ్డునా ఇలాంటి గార్నెట్ ఇసుకనే కెంపు ఇసుక అని పిలిచేవారు, రజను ఆ చారల్లోనే దొరికేది. వేరుచేసింది అక్కడా ఇక్కడా కెరటమే. అయితే చార ఉన్నంత మాత్రాన బంగారం ఉండదు. పైన కొండల్లో బంగారం ఉంటేనే ఒడ్డుకు చేరుతుంది. భీమిలి ఇసుకను చూసి అక్కడే వదిలేయండి. అందులో మోనజైట్ ఉంది, అది 1962 అణుశక్తి చట్టం పరిధిలోకి వచ్చే ఖనిజం.

ప్రశ్న: మా కాలనీ హాల్లో ఈ సినిమా తెలుగు టైటిళ్ళతో వేయాలనుకుంటున్నాం. ఎలా తయారు చేసుకోవాలి? (ఎంవీపీ కాలనీ)

జవాబు: మంచి పని. మూకీలో టైటిల్ కార్డే మాట. అది తెలుగులో వస్తే హాల్లో ముసలివాళ్ళూ పిల్లలూ కూడా కథలో ఉంటారు.

ముందు సినిమా మొత్తం చూసి ప్రతి కార్డు మొదలయ్యే, ముగిసే సమయాలు రాసుకోండి. సబ్‌టైటిల్ ఎడిట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ సమయాలకు తెలుగు వాక్యాలు పెట్టండి. రెండు వరసలు దాటనివ్వకండి. రాసినదాన్ని కార్డు ఉన్నంతసేపట్లో పైకి, నెమ్మదిగా ఒకసారి చదవగలగాలి. చదవలేకపోతే వాక్యం కత్తిరించండి, సమయం పెంచకండి. కార్డు దాటి టైటిల్ నటుడి ముఖం మీదికి వస్తే ముఖం పోతుంది. కొన్ని కాపీల్లో కార్డు రెప్పపాటులో మాయమవుతుంది. అది మీ కాపీ లోపం కాదు. ఫిల్ము ఆదా చేయడానికి కార్డును కొన్ని ఫ్రేములకే కుదించి దాచేవారు. అక్కడ ఆ ఫ్రేమును ఆపి అయిదారు సెకన్లు సాగదీసుకోవాలి.

ఫైలును యూటీఎఫ్-8 (అన్ని లిపులకూ పనికొచ్చే అక్షర సంకేతం)లోనే భద్రపరచండి, లేకపోతే అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు వస్తాయి. కంప్యూటర్‌లో బాగా కనిపించిన తెలుగు, పెన్‌డ్రైవ్ పెట్టి టీవీలో వేస్తే ఒత్తులు విడిపోయి రావడం అందరికీ ఎదురయ్యే చిక్కు. చాలా టీవీలకు తెలుగు అక్షరాలు కూర్చడం రాదు. అందుకని హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే సాఫ్ట్‌వేర్‌లో సబ్‌టైటిల్‌ను బొమ్మలోనే అచ్చుపడేలా 'బర్న్ ఇన్' ఎంచుకుని కొత్త కాపీ తీయండి. కింది వరస గుడులు, పై వరస ఒత్తులు గుద్దుకోకుండా వరసల మధ్య ఖాళీ పెంచండి. వేయబోయే హాల్లోనే, చివరి వరస కుర్చీలో కూర్చుని ఒకసారి చూడండి.

అన్నిటికంటే కష్టమైనది నువ్వు, మీరు. ఇంగ్లీషు కార్డులో ఆ తేడా లేదు, తెలుగులో తప్పదు. డెక్‌స్ట్రీ పెద్దవాడు, గ్లెనిస్టర్‌ను "అబ్బీ", "నువ్వు" అనొచ్చు. గ్లెనిస్టర్ హెలెన్‌ను మొదట మీరు అనాలి. నువ్వులోకి ఎక్కడ మారాలో మీరే తేల్చుకోండి, కానీ ఒకే ఒక్కసారి మారాలి, వెనక్కి రాకూడదు. చెర్రీ అతణ్ణి మొదటినుంచీ నువ్వు అంటేనే ఇద్దరి మధ్య పాత పరిచయం ప్రేక్షకులకు తెలుస్తుంది. మెక్‌నమారా, గ్లెనిస్టర్ కుస్తీకి ముందు దాకా మీరు అనుకుంటే తర్వాతి దెబ్బకు బలం వస్తుంది. 'క్లెయిమ్'ను హక్కు అని కాక 'గని హద్దు' అనండి, రిసీవర్‌ను రిసీవర్ అనే ఉంచండి.

ప్రశ్న: మంచులో పాతిపెట్టిన పాత సినిమాలు ఒక గనుల ఊళ్ళో బయటపడ్డాయని విన్నాం. నిజమా? (విజయనగరం)

జవాబు: నిజం. కెనడాలో క్లోండైక్ బంగారు వేటకు కేంద్రమైన డాసన్ సిటీలో 1978లో తవ్వకాల్లో 533 రీళ్ళు దొరికాయి. సినిమాలు ఊరూరా తిరిగి చివరకు ఆ ఊరికి చేరేవి. తిరిగి పంపే ఖర్చుకు వాటి విలువ చాలదని పంపిణీదారులు వదిలేసేవారు. అలా పోగుపడ్డ రీళ్ళను 1929లో పాత ఈతకొలను పూడ్చడానికి వాడి, పైన మంచు ఆటల మైదానం చదును చేశారు. అవి నైట్రేట్ ఫిల్ములు, వేడికి అంటుకుంటే నీళ్ళు పోసినా ఆరవు. గడ్డకట్టిన నేలే వాటిని కాపాడింది. బయటికి తీశాక మామూలు రవాణా సంస్థలు ముట్టుకోనంటే కెనడా సైన్యం విమానంలో తరలించారు. తడి తగిలిన అంచుల వెంట ఫొటో పొర చెదిరి, తెర మీద రెండు పక్కలా తెల్లని అలల్లా ఆడుతుంది. డాసన్ రీళ్ళను గుర్తుపట్టేది ఆ అలలతోనే.

ప్రశ్న: ఇంట్లో అటక మీద పాత 16 ఎం.ఎం. రీళ్ళు దొరికాయి. డబ్బా తెరిస్తే వెనిగర్ వాసన. నడిపించి చూడొచ్చా? (మహారాణిపేట)

జవాబు: ఇప్పుడే ప్రొజెక్టర్‌లో పెట్టకండి. 16 ఎం.ఎం. అంటుకునే నైట్రేట్ కాదు, అసిటేట్, కాబట్టి నిప్పు భయం లేదు. వెనిగర్ వాసన అసిటేట్ కుళ్ళడం మొదలైన గుర్తు. వేడి, తేమ రెండూ దాన్ని తొందరపెడతాయి, విశాఖలో సముద్రపు గాలికి అటక మీద రెండూ దొరుకుతాయి. ఒక రీలులోంచి వచ్చే ఆమ్లపు ఆవిరి పక్క రీలుకూ అంటుతుంది. వాసన ఉన్నవాటిని వెంటనే వేరే గదిలో పెట్టండి. తుప్పు పట్టిన రేకు డబ్బాలు మార్చి, గాలి ఆడే ప్లాస్టిక్ డబ్బాల్లోకి తీయండి. బిగుతుగా పాలిథిన్ చుట్టడం పెద్ద తప్పు, ఆవిరి లోపలే తిరుగుతుంది.

తర్వాత కొలవండి. రీలు మొదట్లో కాకుండా నాలుగైదు అడుగుల లోపలికి వెళ్ళి, సరిగ్గా 100 ఫ్రేములు లెక్కపెట్టి బల్ల మీద లాగకుండా పరచండి. కొత్త ఫిల్ము అయితే 762 మిల్లీమీటర్లు రావాలి. 758 దాకా ఉంటే బాగున్న ప్రొజెక్టర్ మీద జాగ్రత్తగా నడపవచ్చు. 754, అంతకు తక్కువ అయితే రంధ్రాలు పళ్ళ చక్రానికి కుదరవు, మొదటి నిమిషంలోనే చిరుగుతాయి. అలాంటిదాన్ని పళ్ళ చక్రం లేని స్కానర్ ఉన్నచోట డిజిటల్ చేయించాలి. నడవడానికి పనికొచ్చేదైతే 400 అడుగుల రీలు సెకనుకు 18 ఫ్రేములతో దాదాపు 15 నిమిషాలు ఆడుతుంది. డబ్బా మీద రాసి ఉన్న పేరు, తేదీ, కంపెనీ గుర్తు ముందు ఫోన్‌తో ఫొటో తీసి ఉంచండి, పాత డబ్బా పారేశాక రీలేదో పోల్చుకోవడం కష్టమవుతుంది.